పాత స్పెక్ట్రమ్‌కు కొత్త అనుబంధాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో 1980ల నాటి ఇంటి కంప్యూటర్ల గురించిన వ్యాసంలో, బ్రిటన్‌లోని సింక్లెయిర్ రీసెర్చ్ 1982 ఏప్రిల్‌లో విడుదల చేసిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను, దాని లైసెన్సుతో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ మన దేశంలో అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌ను ప్రస్తావించాము. ఆ యంత్రాలు అటకల మీద ఇంకా చాలానే మిగిలి ఉన్నాయని వచ్చిన ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. వాటికి జాయ్‌స్టిక్, మెమరీ కార్డు వంటి అనుబంధ పరికరాలను సొంతంగా తయారు చేసుకోవాలనుకునే వారి ప్రశ్నలను ఎంచి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా నాన్నగారు కొన్న డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ నా దగ్గర ఉంది. అడాప్టరు పోయింది. బజారులో దొరికే 9 వోల్టుల అడాప్టరు పెట్టవచ్చునా? అనుబంధ పరికరం ఏదైనా తగిలించే ముందు యంత్రంలో చూసుకోవలసినవి ఏమిటి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెట్టవచ్చును గాని, ముందు ధ్రువాలను సరిచూసుకోండి. నేడు బజారులో దొరికే అడాప్టర్లలో చాలా వాటికి ప్లగ్గు లోపలి రంధ్రం పాజిటివ్, బయటి గొట్టం నెగెటివ్. సింక్లెయిర్ అమరిక దీనికి సరిగ్గా తలక్రిందులు: లోపలిది నెగెటివ్. ఈ ఒక్క విషయం గమనించకుండా స్విచ్చి వేసినందువల్ల పాడైన స్పెక్ట్రమ్‌లు లెక్కలేనన్ని. అసలు అడాప్టరు 9 వోల్టులు, 1.4 ఆంపియర్ల రకం. స్థిరీకరణ లేనిది కనుక లోడు లేనప్పుడు మీటరులో అంతకంటే బాగా ఎక్కువ చూపేది. స్థిరమైన 9 వోల్టులు ఇచ్చే కొత్త అడాప్టరు యంత్రానికి మేలే చేస్తుంది, ఎందుకంటే లోపలి 7805 రెగ్యులేటరు మిగులు వోల్టేజినంతా వేడిగానే ఖర్చు చేస్తుంది.

అడాప్టరు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలి విద్యుత్తు సక్రమంగా ఉన్నట్లు కాదు. స్పెక్ట్రమ్ రామ్‌లో మొదటి 16 కిలోబైట్లు 4116 రకం చిప్పులలో ఉంటాయి. ఆ చిప్పులకు 5 వోల్టులతో పాటు 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు కూడా కావాలి. ఈ రెండింటినీ బోర్డు మీది చిన్న కాయిలు, టీఆర్4 అనే ట్రాన్సిస్టరు కలిసి పుట్టిస్తాయి. ఆ ట్రాన్సిస్టరు పోయిందంటే మైనస్ 5 అందదు. మైనస్ 5 అందని స్థితిలో మిగిలిన వోల్టేజీలు అందితే 4116 చిప్పులు ఒకటొకటిగా చచ్చిపోతాయి. అందుచేత మూత విప్పి, ఐసీ6 నుండి ఐసీ13 వరకు ఉన్న ఎనిమిది చిప్పులలో ఏదో ఒకదాని మీద మల్టీమీటరు పెట్టండి: 16వ కాలు గ్రౌండు, 1వ కాలు మైనస్ 5, 8వ కాలు 12, 9వ కాలు 5 వోల్టులు చూపాలి. ఈ నాలుగూ సరిపోయిన తరువాతే యంత్రం వెనుక బయటికి కనిపించే బోర్డు అంచుకు ఏదైనా తగిలించండి. మీటరు మొన జారి పక్క కాలును తాకకుండా జాగ్రత్తపడండి. పరీక్ష చేస్తూ యంత్రాన్ని చంపినవారు కూడా ఉన్నారు.

ప్రశ్న: కొత్త టీవీలో స్పెక్ట్రమ్ ఛానెల్ పట్టడం లేదు. లోపల మార్పు చేస్తే ఏవీ సాకెట్టుకు కలపవచ్చునని విన్నాను. ఆ మార్పును తరువాత తీసివేయడానికి వీలుంటుందా?
— ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: వీలుంటుంది. బోర్డు మూలన వెండి రంగు డబ్బాలో ఉండే మాడ్యులేటరు, చిత్ర సంకేతాన్ని యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్‌గా మార్చి టీవీ తీగకు అందిస్తుంది. ఆ డబ్బాలోకి వెళ్ళేవి రెండే తీగలు: ఒకటి 5 వోల్టులు, రెండవది కాంపోజిట్ వీడియో. ఆ రెంటినీ డబ్బా నుండి విడదీసి ఇన్సులేషను చుట్టండి. డబ్బా లోపల సాకెట్టు మధ్య మొనకు వచ్చే చిన్న రెసిస్టరు కాలును విప్పి, అదే మొనకు వీడియో తీగను 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు ద్వారా కలపండి. కెపాసిటరు పాజిటివ్ కాలు కంప్యూటరు వైపు ఉండాలి. రెసిస్టరును కత్తిరించి పారవేయకుండా ఒక కాలు విప్పి పైకి లేపి ఉంచితే, మళ్ళీ పాత స్థితికి తేవడానికి పది నిమిషాలు చాలు.

ప్రశ్న: స్పెక్ట్రమ్‌కు కెంప్‌స్టన్ రకం (చాలా స్పెక్ట్రమ్ ఆటలు గుర్తించే పద్ధతి) జాయ్‌స్టిక్ పోర్టు తయారు చేయాలనుకుంటున్నాను. నాకు దొరికిన ఒక పాత సర్క్యూట్‌లో ఎ5 అనే ఒక్క అడ్రసు లైను మాత్రమే వాడారు. అది చాలునా? ఏ చిప్పులు వాడితే మంచిది?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: చాలదు. ఎందుకు చాలదో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే స్పెక్ట్రమ్‌కు ఏ అనుబంధాన్ని రూపొందించినా మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం ఇదే.

యంత్రం వెనుక అంచున జడ్80 ప్రాసెసరు యొక్క అడ్రసు, డేటా, నియంత్రణ లైనులన్నీ దాదాపు ఉన్నవి ఉన్నట్లుగా బయటికి వచ్చి ఉంటాయి. తరగతిలో హాజరు పిలిచినప్పుడు ఎవరి పేరు పిలిస్తే వారే పలకాలి. ఇద్దరు ఒకేసారి పలికితే పంతులుగారికి ఏదీ వినపడదు. డేటా లైనుల మీదా అంతే. అయితే ఇక్కడ పేర్లన్నీ పొట్టివి. ఖర్చు తగ్గించే పట్టుదలతో సింక్లెయిర్ సంస్థ ఒక్కో పరికరానికి పూర్తి చిరునామా ఇవ్వకుండా ఒక్కో అడ్రసు లైను కేటాయించింది. ఎ0 సున్నా అయితే చాలు, కీబోర్డును, బోర్డరు రంగును, టేపును చూసుకునే యూఎల్‌ఏ చిప్పు పలుకుతుంది. అంటే పుస్తకాలలో దాని పోర్టు సంఖ్య (ప్రాసెసరు దానిని పిలిచే సంఖ్య) 254 అని వ్రాసినా, నిజానికి సరి సంఖ్య గల ప్రతి పోర్టూ దానిదే. ఎ2 ప్రింటరుకు, ఎ3, ఎ4 సింక్లెయిర్ వారి సొంత అనుబంధమైన ఇంటర్‌ఫేస్ 1కు పోయాయి. బయటివారికి సుఖంగా మిగిలినవి ఎ5, ఎ6, ఎ7 మాత్రమే. కెంప్‌స్టన్ పోర్టు సంఖ్య 31 కావడానికి కారణం ఇదే: ద్విసంఖ్యామానంలో ఆ మూడు లైనులూ సున్నాలు, కింది అయిదూ ఒకట్లు.

మీకు దొరికిన సర్క్యూట్ ఎ5 ఒక్కటే చూస్తుంది కనుక, ఎ5 సున్నాగా ఉన్న ప్రతి పోర్టుకూ అది పలుకుతుంది. కెంప్‌స్టన్ మౌస్ వాడే పోర్టుల కింది బైటు 223. అందులోనూ ఎ5 సున్నాయే. ఆ రెంటినీ ఒకే యంత్రానికి తగిలిస్తే మౌస్ చదివినప్పుడల్లా జాయ్‌స్టిక్ కూడా బదులిస్తుంది, బాణం తెర మీద పిచ్చిగా పరుగెడుతుంది. 1980లలో ఒక్క జాయ్‌స్టిక్ తప్ప మరేదీ తగిలించనివారికి ఈ పొదుపు వల్ల నష్టం కలగలేదు. నేడు మెమరీ కార్డు, ధ్వని చిప్పు, మౌస్ అన్నీ ఒకేసారి తగిలించేవారు దానిని అనుకరించడం కేవలం బద్ధకం.

కనుక ఎ5, ఎ6, ఎ7 మూడూ సున్నాలైనప్పుడు, ఐఓఆర్‌క్యూ (పోర్టుతో పని అని తెలిపేది), ఆర్‌డీ (చదువుతున్నట్లు తెలిపేది) లైనులు కిందికి, అంటే సున్నాకు, దిగినప్పుడు, ఎం1 (ఆదేశం చదువుతున్నట్లు తెలిపేది) పైన ఉన్నప్పుడు మాత్రమే మీ పరికరం పలకాలి. ఆర్‌డీ లేకపోతే, ఏదైనా ప్రోగ్రాము 31వ పోర్టుకు డేటా పంపినప్పుడు ప్రాసెసరు, మీ చిప్పు రెండూ ఒకే లైనును చెరొక వైపుకు లాగుతాయి. ఎం1 సంగతి మరి కొంచెం సూక్ష్మమైనది. సెకనుకు 50 సార్లు వచ్చే ఇంటరప్టును (చేస్తున్న పనిని ఆపమనే సంకేతాన్ని) ప్రాసెసరు అందుకున్నట్లు తెలియజేసేటప్పుడు ఐఓఆర్‌క్యూ, ఎం1 కలిసి దిగుతాయి. ఆ క్షణంలో డేటా లైనుల మీదికి ఎవరైనా విలువను తోస్తే, రెండవ పద్ధతి ఇంటరప్టు వాడే ఆటలు ఎక్కడికో దూకి ఆగిపోతాయి. అప్పుడు ఆర్‌డీ పైనే ఉంటుంది కాబట్టి అది ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుంది, నిజమే; అయినా ఎం1ను కూడా చేర్చడానికి అదనపు ఖర్చేమీ లేదు.

ఖర్చు లేదనడానికి కారణం, ఈ ఆరు షరతులూ ఒకే 74హెచ్‌సీటీ138 చిప్పులో అచ్చంగా సరిపోవడం. దాని మూడు ఎంపిక కాళ్ళకు ఎ5, ఎ6, ఎ7 ఇవ్వండి. దానికి ఉన్న మూడు అనుమతి కాళ్ళలో పైన ఉండవలసిన దానికి ఎం1, కింద ఉండవలసిన రెంటికీ ఐఓఆర్‌క్యూ, ఆర్‌డీ ఇవ్వండి. సున్నా సంఖ్య గల అవుట్‌పుట్ కాలు మీ పోర్టును చదివినప్పుడు మాత్రమే కిందికి దిగుతుంది. దానిని 74హెచ్‌సీటీ540 చిప్పు అనుమతి కాలుకు కలిపి, రెండవ అనుమతి కాలును గ్రౌండు చేయండి. ఇక మొత్తం సర్క్యూట్ ఈ రెండు చిప్పులే.

540 ఎందుకంటే, అది సంకేతాన్ని తలక్రిందులు చేస్తుంది. కెంప్‌స్టన్ పద్ధతిలో మీట నొక్కితే 1 రావాలి. అటారీ రకం జాయ్‌స్టిక్‌లో మీట నొక్కితే ఆ తీగ గ్రౌండుకు తగులుతుంది. మామూలు 541 వాడితే జాయ్‌స్టిక్ ఉమ్మడి తీగను 5 వోల్టులకు కలపవలసి వస్తుంది, అప్పుడు లోపల ఎలక్ట్రానిక్స్ ఉన్న ఆటోఫైర్ జాయ్‌స్టిక్‌లు పనిచేయవు. 540 అయితే తొమ్మిది కాళ్ళ సాకెట్టులో 8వ కాలు గ్రౌండుగా, 7వ కాలు 5 వోల్టులుగా ప్రమాణం ప్రకారమే ఉంటాయి. ప్రతి ఇన్‌పుట్‌కూ 10 కిలోఓమ్‌ల రెసిస్టరును 5 వోల్టులకు పెట్టండి. డేటా లైను 0 కుడి, 1 ఎడమ, 2 కింద, 3 పైన, 4 ఫైర్. మిగిలిన మూడు ఇన్‌పుట్‌లను తేలుతూ వదలకుండా 5 వోల్టులకు కట్టేయండి. అవుట్‌పుట్‌లో అవి సున్నాలుగా వస్తాయి. పై మూడు బిట్లు సున్నాలు కాకపోతే, జాయ్‌స్టిక్ లేదని కొన్ని ఆటలు నిర్ణయించుకుంటాయి.

హెచ్‌సీ రకం కాకుండా హెచ్‌సీటీ రకమే కొనండి. పాత జడ్80 తన లైనును 2.4 వోల్టుల వరకు లేపితే పని అయిపోయిందనుకుంటుంది. హెచ్‌సీ చిప్పుకు 1గా గుర్తించడానికి సుమారు 3.5 వోల్టులు కావాలి. బల్ల మీద పనిచేసి, వేసవి మధ్యాహ్నం మొరాయించే సర్క్యూట్‌లు ఇలాగే పుడతాయి. ప్రతి చిప్పు పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టడం మరువవద్దు.

పరీక్షకు ఆటలేమీ అవసరం లేదు. బేసిక్‌లో ప్రింట్ ఇన్ 31 అని కొట్టండి. ఏమీ నొక్కనప్పుడు 0, కుడికి 1, ఎడమకు 2, కిందికి 4, పైకి 8, ఫైర్‌కు 16 కనిపించాలి. ఎల్లప్పుడూ 255 వస్తుంటే మీ చిప్పు పలకడమే లేదు. ముందుగా 138 అవుట్‌పుట్‌ను చూడండి.

ప్రశ్న: వెనుక అంచుకు సరిపోయే కనెక్టరు ఎక్కడా దొరకడం లేదు. మరో మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఉంది. స్పెక్ట్రమ్ అంచున పైన 28, కింద 28 స్థానాలు, 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి. పాత పీసీ మదర్‌బోర్డుల మీది ఎనిమిది బిట్ల ఐఎస్ఏ స్లాటు కూడా అదే ఎడంతో, వరుసకు 31 కాంటాక్టులతో ఉంటుంది. పాత సామాను దుకాణంలో అటువంటి బోర్డు దొరికితే స్లాటును జాగ్రత్తగా ఊడదీసి, మూడు స్థానాలను సన్నని రంపంతో కోసివేయండి. అయిదవ స్థానంలో పైనా కిందా ఉన్న కాంటాక్టులను పట్టకారుతో లాగివేసి, అక్కడ గట్టి ప్లాస్టిక్ ముక్కను అతికించండి. కంప్యూటరు అంచులో అదే చోట గాడి ఉంటుంది.

ఆ ప్లాస్టిక్ ముక్కను తేలికగా తీసుకోకండి. అది లేకపోతే కనెక్టరు ఒక స్థానం పక్కకు జరిగి కూర్చోవడానికి అవకాశం ఉంటుంది. 12 వోల్టులు, మైనస్ 5, 9 వోల్టులు అన్నీ ఆ అంచునే ఉన్నాయి కనుక, ఒక్క స్థానం జరిగితే మొదటి జవాబులో చెప్పిన టీఆర్4తో మొదలై మెమరీ చిప్పుల దాకా పోతాయి. విద్యుత్తు ఉండగా ఏదీ తగిలించడం గాని, ఊడదీయడం గాని చేయకూడదు. పరికరం బరువు మొత్తం కనెక్టరు మీద వ్రేలాడకుండా కింద రబ్బరు కాలు పెట్టడం మంచిది. స్పెక్ట్రమ్‌కు ముందు వచ్చిన జడ్‌ఎక్స్81కు తగిలించే 16 కిలోబైట్ల మెమరీ ప్యాకు, బల్ల కదిలితే చాలు, టైపు చేసినదంతా పోగొట్టేది. ఆ అపకీర్తి నేటికీ చెక్కుచెదరలేదు.

ప్రశ్న: ఎస్‌డీ కార్డు నుండి ఆటలు ఎక్కించే డివ్‌ఎంఎంసీ వంటి పరికరాలు, లోపలి రామ్‌ను మార్చకుండానే టేపు ఆదేశాలను ఎలా అడ్డగిస్తాయి? అలాంటిదానిని 3.3 వోల్టుల మైక్రోకంట్రోలరుతో నేను తయారు చేయగలనా?
— ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: మీరు రామ్ అని వ్రాసినది రోమ్ (యంత్రపు సొంత కార్యక్రమం శాశ్వతంగా ఉండే మెమరీ) అని గ్రహించి జవాబిస్తున్నాము. అంచున రోమ్‌సీఎస్ అనే లైను ఉంది. లోపల యూఎల్‌ఏ, రోమ్‌ల మధ్య ఒక రెసిస్టరు పెట్టి ఆ లైనును బయటికి తెచ్చారు. దానిని బయటి నుండి బలంగా పైకి లాగితే లోపలి రోమ్ మౌనం వహిస్తుంది, మొదటి 16 కిలోబైట్ల చోటు మీది అవుతుంది. డివ్‌ఎంఎంసీ ప్రాసెసరు చదివే ప్రతి ఆదేశపు అడ్రసునూ గమనిస్తూ ఉంటుంది. టేపుకు భద్రపరచే 1222, టేపు నుండి ఎక్కించే 1378 వంటి కొన్ని నిర్ణీత అడ్రసుల వద్ద ఆదేశం చదవడం జరిగిన వెంటనే తన మెమరీని పైకి తెస్తుంది. పని ముగిశాక 8184 నుండి 8191 వరకు ఉన్న అడ్రసులలో ఏదో ఒకదాని నుండి ఆదేశం చదివితే తెర వెనుకకు తప్పుకుంటుంది. ఆటకు సంబంధించినంతవరకు టేపు ఎక్కినట్లే. స్పెక్ట్రమ్ ప్లస్ 2ఏ, ప్లస్ 3 యంత్రాలలో ఈ ఏర్పాటు మారింది; రోమ్‌సీఎస్ ఒక్కదాని బదులు రెండు రోమ్‌లకు రెండు వేరు లైనులు ఉన్నాయి కనుక, మీది ఏ నమూనాయో ముందే తేల్చుకోండి. ఇంటర్‌ఫేస్ 1తో కలిపి వాడే ఆలోచన ఉంటే మానుకోండి: 8వ అడ్రసును, 231వ పోర్టును ఇద్దరూ తమవే అంటారు.

ఇక మైక్రోకంట్రోలరు సంగతి. తయారు చేయగలరు గాని, రెండు చోట్ల ఇబ్బంది పడతారు. మొదటిది వోల్టేజి. రాస్ప్‌బెర్రీ పై పికోలోని ఆర్‌పీ2040 వంటి చిప్పులు 5 వోల్టులను భరించేవిగా రూపొందినవి కావు. మధ్యలో 3.3 వోల్టులపై నడిచే 74ఎల్‌వీసీ245 వంటి చిప్పులు పెట్టండి. వాటి ఇన్‌పుట్‌లు 5 వోల్టులను తట్టుకుంటాయి, వాటి నుండి వచ్చే 3.3 వోల్టులు జడ్80కి 1గా చదవడానికి సరిపోతాయి.

రెండవది, దీనికంటే కష్టమైనది, సమయం. 3.5 మెగాహెర్ట్‌జ్ వద్ద ఒక క్లాకు సుమారు 286 నానోసెకనులు. ఆదేశం చదివేటప్పుడు అడ్రసు బయటపడిన తరువాత రెండు క్లాకులలోపే, అంటే అర మైక్రోసెకను చుట్టుపక్కలలోనే, డేటా లైనుల మీద విలువ సిద్ధంగా ఉండాలి. మామూలు ఇంటరప్టు ప్రోగ్రాముతో ఆ గడువును అందుకోలేరు. వెయిట్ లైనును పట్టుకొని ప్రాసెసరును ఆపవచ్చును గదా అని మీకు అనిపించవచ్చు. కొద్ది క్లాకులైతే ఫరవాలేదు. కాని ప్రాసెసరు ఆగి ఉన్నంతసేపు డైనమిక్ మెమరీకి తాజాకరణ (ఉన్నది చెరిగిపోకుండా మళ్ళీ మళ్ళీ చదవడం) అందదు. రామ్‌లోని మొదటి 16 కిలోబైట్లను యూఎల్‌ఏ తెర కోసం పదేపదే చదువుతూనే ఉంటుంది కనుక అవి బ్రతుకుతాయి. పై 32 కిలోబైట్లకు మాత్రం జడ్80 చేసే తాజాకరణే దిక్కు. కార్డు నుండి ఒక సెక్టారు వచ్చేదాకా ప్రాసెసరును పట్టి ఉంచితే ఆ మెమరీలో ఉన్నదంతా చెరిగిపోతుంది. మా అభిప్రాయంలో అడ్రసులను గుర్తించడం, మెమరీని మార్చడం వంటి తొందర పనులను ఎక్స్‌సీ9572ఎక్స్‌ఎల్ వంటి సీపీఎల్‌డీకి (లోపలి లాజిక్‌ను మనమే అమర్చుకోగల చిప్పుకు) అప్పగించి, కార్డు చదివే నిదానపు పనిని మాత్రమే మైక్రోకంట్రోలరుకు వదలడం ఉత్తమం. ఆ సీపీఎల్‌డీ ఇన్‌పుట్‌లు 5 వోల్టులను నేరుగా తీసుకుంటాయి కూడా. విద్యుత్తును అంచున ఉన్న 5 వోల్టుల నుండి కాకుండా 9 వోల్టుల లైను నుండి సొంత రెగ్యులేటరు ద్వారా తీసుకోండి. లోపలి 7805 ఇప్పటికే తన మోతాదుకు తగినంత మోస్తోంది.

ఆటను మధ్యలో ఆపే మీట కూడా పెట్టాలనుకుంటే ఎన్‌ఎంఐ (ప్రాసెసరు కాదనలేని ఇంటరప్టు) లైను ఉంది, కాని అసలు రోమ్‌ను నమ్ముకోకండి. 102వ అడ్రసులోని ఎన్‌ఎంఐ కార్యక్రమంలో ఒక షరతు తారుమారుగా వ్రాయబడింది: 23728వ అడ్రసులోని గమ్యస్థానం సున్నా అయితేనే అక్కడికి దూకుతుంది, అంటే యంత్రం రీసెట్ అవుతుంది, సున్నా కాకపోతే ఏమీ చేయకుండా తిరిగి వస్తుంది. రొమాంటిక్ రోబో సంస్థ మల్టీఫేస్ వంటి పరికరాలు మీట నొక్కగానే తమ సొంత రోమ్‌ను పైకి తెచ్చుకోవడం ఇందువల్లనే.

ప్రశ్న: ఎస్‌డీ కార్డు సాకెట్టు, రీసెట్ మీట లోపలే అమర్చి, కేసుకు రంధ్రాలు చేస్తే అందంగా ఉంటుంది గదా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రీసెట్ మీట స్పెక్ట్రమ్ ప్లస్‌కు ఎడమ వైపున మొదటి నుండీ ఉంది. సాకెట్టును వెనుక అంచుకు తగిలించే పరికరంలోనే పెట్టండి. కోసిన కేసు మళ్ళీ అతుకదు. డీబీ పేరు ముద్రించిన కేసు మరొకటి దొరకడం దుర్లభం. లోపలి భాగాలతో ప్రయోగాలు చేయాలనే కోరిక బలంగా ఉంటే హార్లెక్విన్ బోర్డును నిర్మించండి. యూఎల్‌ఏ చేసే పనినంతా అందులో సాధారణ 74 శ్రేణి చిప్పులు చేస్తాయి, వెనుక అంచు అలాగే ఉంటుంది, ఏ లైను ఎక్కడి నుండి పుడుతోందో ప్రోబు పెట్టి చూడవచ్చు.

ప్రశ్న: 2024లో వచ్చిన ది స్పెక్ట్రమ్ అనే కొత్త యంత్రాన్ని లండన్‌లో కొన్నాను. పైన చెప్పిన పరికరాలు దానికి పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు, లండన్

జవాబు: పనికిరావు. రెట్రో గేమ్స్ సంస్థ తెచ్చిన ఆ యంత్రంలో స్పెక్ట్రమ్ పనినంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది. వెనుక హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ సాకెట్లు ఉన్నాయి గాని పరికరాలు తగిలించే వెనుక అంచు లేదు. జాయ్‌స్టిక్ కావాలంటే యూఎస్‌బీ రకానిది కొనుక్కోవడమే.